గుప్పెడంత పుట్టాను, నా బిడ్డకూ షుగరేనా?

ప్రశ్న: అక్కా, మాది పాకాల దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. ఇప్పుడు 22 వారాలు. పెళ్లినాటికి 43 కిలోలుండేదాన్ని, ఇప్పుడు 46. పోయిన వారం గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తే 156 వచ్చింది. గర్భంతో వచ్చిన షుగర్ అన్నారు. మా అమ్మకు 44 ఏళ్లకే షుగర్ వచ్చింది. నేను పుట్టినప్పుడు కిలో తొమ్మిదొందలేనంట. తక్కువ బరువుతో పుట్టినోళ్లకు పెద్దయినాక షుగర్ వస్తుందని ఫోన్లో ఒక వీడియో చూసినప్పట్నుంచి నిద్ర లేదు. ఇద్దరి తిండి తినమని మా అత్త పోరు. బిడ్డ లావైతే కోసి తీయాల్సొస్తుంది, తగ్గించుకో అని మా ఆయన జేజి పోరు. ఇద్దరికీ భయపడి పొద్దున టిఫిన్ మానేసి రెండు పూటలా సంగటే తింటున్నా. సంగటికి షుగర్ పెరగదు కదక్కా? సోమవారం, గురువారం, శనివారం మేం నీచు ముట్టం. నా బిడ్డకు కూడా ఇది రాసిపెట్టేసి ఉన్నట్టేనా?

సమాధానం: చెల్లీ, రేపట్నుంచి టిఫిన్ తిను. తక్కినదంతా నిదానంగా చదువుకోవచ్చు, ఈ ఒక్కటి మాత్రం ఆపొద్దు. రాత్రి ఎనిమిదికి తిని మళ్లీ మధ్యాహ్నం ఒంటిగంటకు తింటే నడుమ పదిహేడు గంటలు. కడుపులో ఉన్నదానికి అన్ని గంటల పస్తు దేనికి? పైగా అంతసేపు మాడి ఒకేసారి పెద్ద ముద్ద మింగితే, నువ్వు భయపడే షుగర్ అప్పుడే ఎగబాకుతుంది.

సంగటి సంగతి. మన సీమ మనుషులకు సంగటి మీద ఉన్నంత నమ్మకం డాక్టరు మీద ఉండదు. నాకూ ఇష్టమే, చెనక్కాయల ఊరుబిండితో అయితే ఇంకా ఇష్టం. నీ ఉత్తరం చదివాక మా ఇంట్లో చేసిన ముద్దను తక్కెడలో పెట్టి చూశా. 400 గ్రాములు తూగింది. అందులో నీళ్లు పోను పిండీ, బియ్యమూ కలిపి 120 గ్రాముల దాకా ఉంటాయి. అంటే ఒక్క ముద్దలోనే ఎనభై గ్రాముల పైన పిండిపదార్థం. రాగుల గొప్పంతా కాల్షియంలో ఉంది. నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. పీచు కూడా బాగానే ఉంటుంది. అయినా మెత్తగా ఉడికి ముద్దయిన పిండి ఒంట్లోకి పోయాక చక్కెరే అవుతుంది. సంగటి మానొద్దు. ముద్ద సగం చెయ్యి, ఆ ఖాళీలో పప్పో, గుడ్డో, ఆకుకూరో పడాలి.

156 అంటే ఏమిటో కూడా చెప్తా. మన దేశంలో ప్రభుత్వం పెట్టిన లెక్క ప్రకారం 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140, ఆ పైన వస్తే గర్భంతో వచ్చిన షుగర్ అంటారు. నీది గీత దాటింది, నిజమే. ముందు రెండు వారాలు తిండి మార్చి, నడిపించి చూస్తారు. అన్నం తిన్న రెండు గంటలకు చూస్తే 120 లోపల ఉండాలి. ఉంటే అదే పద్ధతి సాగుతుంది, లేకపోతే మందో ఇన్సులినో రాస్తారు. ఇన్సులిన్ అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, నాకు తెలుసు. మాయ గుండా తల్లి రక్తంలోని చక్కెర బిడ్డకు పోతుంది, ఇన్సులిన్ పోదు. మరి భయపడాల్సింది దేనికి?

ఇప్పుడు నీ అసలు భయం. జేజిది పెద్ద బిడ్డ భయం, వీడియోది చిన్న బిడ్డ భయం. మన దేశంలో ఈ రెండూ ఒకే బిడ్డలో కలిసి ఉండగలవు. ఇది ఊరికే అనడం కాదు. 1993లో పుణె చుట్టుపక్కల ఆరు పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం గర్భిణులు ఏం తింటున్నారో రాసుకుంటూ, పుట్టిన బిడ్డల్ని కొలవడం మొదలుపెట్టింది. ఆ బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులో సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. చూపుకు మనవాళ్లు బక్కపల్చగా ఉన్నారు, చేతులూ కాళ్లూ పుల్లలే. అయితే వీపు మీద, భుజం ఎముక కింద చర్మాన్ని వేళ్లతో పట్టి కొలిస్తే అక్కడ కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. తగ్గిందంతా కండ. మనిషి బక్క, లోపల కొవ్వు.

కండ తగ్గితే ఏమవుతుందంటావా? తిన్న చక్కెరను ఖర్చు పెట్టేది ప్రధానంగా కండే. పుట్టుకతోనే కండ తక్కువై, ఇన్సులిన్ చేసే కణాలూ తక్కువైతే ఆ ఒళ్లు సన్నకారు రైతు లాంటిది. కరువులో నెట్టుకొస్తుంది. ముప్పై ఏళ్లకు ఉద్యోగం వచ్చి, బండి వచ్చి, మూడు పూటలా తెల్లన్నం వచ్చేసరికి మొయ్యలేదు.

చెనక్కాయ పైరు చూసిన పిల్లవు కాబట్టి ఇంకో మాట చెప్తా. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే రోజుల్లో తడి లేదనుకో. ఆ తర్వాత ఎంత వాన పడినా ఆకు పచ్చగా గుబురుగా లేస్తుంది. పీకి చూస్తే కాయలుండవు. కడుపులో బిడ్డకూ అంతే. ఇన్సులిన్ చేసే క్లోమం, మూత్రపిండాలు, కండ తయారయ్యేందుకు దేని వేళ దానికుంది. తిండి చాలకపోతే బిడ్డ ఒళ్లు ముందు మెదడును కాపాడుకుంటుంది, ఉన్నదాంట్లో మిగతావాటికి కోత పెడుతుంది. పుట్టాక పోసిన పాలతో, పెట్టిన నేతితో బరువు పెరగొచ్చు, కోత పడినదంతా తిరిగి రాదు. నీ బిడ్డకు ఇంకా 18 వారాలు ఉన్నాయి, చివరి మూడు నెలలు కండా కొవ్వూ పట్టే కాలం. నువ్వు ఉత్తరం రాసింది పైరు ఎండినాక కాదు, తడి ఇవ్వగలిగిన వేళలోనే.

పుట్టిన బరువుకూ పెద్దయ్యాక వచ్చే జబ్బుకూ ముడి ఉందని తెలియడమే ఒక చిత్రమైన కథ. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో 1911 నుంచి మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆమె చెప్పినట్టు నర్సులు ఇంటింటికీ తిరిగి పుట్టిన బిడ్డ బరువూ, ఏడాది నిండిన బరువూ పుస్తకాల్లో ఎక్కించారు. డేవిడ్ బార్కర్ అనే డాక్టరు బృందం ఆ పాత పుస్తకాలు దొరకబట్టి, ఆ బిడ్డలు పెద్దవాళ్లయి దేనితో పోయారో వెతికింది. పుట్టినప్పుడూ, ఏడాదికీ తక్కువ బరువున్న మగవాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువని 1989లో రాశారు. మీ ఊరి అంగన్‌వాడీ టీచరు నెలనెలా రాసుకునే పుస్తకాన్ని అందుకే చిన్నచూపు చూడొద్దంటాను.

అయితే వీడియోవాళ్లు ఒకటి చెప్పరు. ఇది లెక్కల్లో కనిపించే మొగ్గు, జాతకం కాదు. ఢిల్లీలో 1969 నుంచి 1972 దాకా పుట్టిన బిడ్డల్ని ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. 26 నుంచి 32 ఏళ్ల వయసులో 1,492 మందికి గ్లూకోజు పరీక్ష చేస్తే షుగర్ వచ్చినవాళ్లు 4.4 శాతం, దాని వాకిట్లో ఉన్నవాళ్లు 10.8 శాతం. వాళ్ల చిన్ననాటి కొలతలు తిప్పి చూశారు. రెండేళ్లలోపు బక్కగా ఉండి, ఆ తర్వాత మిగతా పిల్లలకంటే ముందుగా ఒళ్లు చేయడం మొదలై, అట్లాగే పెరుగుతూ పోయినవాళ్లే అందులో ఎక్కువ. పన్నెండేళ్లప్పుడు వాళ్లలో ఒక్కరూ లావుపాటి పిల్లలు కారు. బడి ఫోటోలో మామూలుగానే కనిపించి ఉంటారు. ఇది నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి. తక్కువ బరువుతో పుట్టడం ఒక్కటే కాదు, ఆ తర్వాత ఏ దోవలో పెరిగారన్నది కూడా లెక్కే. ఆ దోవ చాలావరకు మన చేతిలో ఉంది.

మన హైదరాబాద్ దగ్గరే ఇంకొకటి జరిగింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఆ చుట్టుపక్కల 29 పల్లెలను తీసుకుంది. 15 పల్లెల్లో గర్భిణులకూ, బాలింతలకూ, చిన్న పిల్లలకూ రోజూ అదనంగా ఉప్మా వండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిందది. తల్లికి రోజుకు 500 కేలరీలు, 20 గ్రాముల పైన మాంసకృత్తులు. మిగతా 14 పల్లెల్లో అది లేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక వెళ్లి కొలిస్తే, ఉప్మా పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్ ఉన్నా దాని మాట వినక ఒళ్లు మొండికేయడం వాళ్లలో ఐదో వంతు తక్కువ. రక్తనాళాల బిరుసూ తక్కువే. లావేమీ కాలేదు. గిన్నెడు ఉప్మా, పదిహేనేళ్ల తర్వాత కూడా రక్తంలో కనబడింది! దీన్ని మీ అత్తకూ జేజికీ ఇద్దరికీ వినిపించు. అత్త చెప్పినట్టు కాస్త ఎక్కువ తినాల్సిందే, కానీ ఇద్దరి అన్నం కాదు.

ఎంత ఎక్కువంటే, పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి రోజుకు 350 కేలరీలు అదనం. మాంసకృత్తులు నీ నెలల్లో తొమ్మిదిన్నర గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు అదనం. నా వంటింటి లెక్కలో అది రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, ఒక చిన్న గుప్పెడు చెనక్కాయలు. అంతే. ఇద్దరి తిండి అంటే ఇదే. ఇందులో అన్నం ముద్ద ఒక్కటి కూడా పెరగలేదని చూశావా?

పొద్దున రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో. చెనక్కాయల చట్నీ ధారాళంగా. దాంతో ఒక గుడ్డు. పదకొండుకు ఉలవలో, అలసందలో గుగ్గిళ్లు, గ్లాసుడు మజ్జిగ. మధ్యాహ్నం సగం ముద్ద, పప్పు, ఆకుకూర, పెరుగు. సాయంత్రం చెనక్కాయలు. రాత్రి కూడా అదే సగం ముద్ద పద్ధతి, పడుకునే ముందు చక్కెర వెయ్యని పాలు. ప్రతి పూట తిన్నాక పది పదిహేను నిమిషాలు వాకిట్లో నడువు, ఇంటిపని ఆ లెక్కలోకి రాదు. పుణెలో కూడా ఆకుకూరలు, పళ్లు, పాలు ఎక్కువ తిన్న తల్లుల బిడ్డలే ఒడ్డూపొడుగూ బాగున్నారు. వట్టి అన్నంతో కడుపు నింపుకోవడం వల్ల ఆ తేడా రాలేదు. పండు తిను, రసం వద్దు. బెల్లం మన చిత్తూరు సరుకే అయినా షుగర్ పరీక్షకు ఆ మమకారం తెలియదు, అది చక్కెరకు చెల్లెలే. లడ్డూ తెచ్చి ఇస్తే చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుని మిగతాది పంచిపెట్టు. సీమంతం తాలూకు తట్టల కొద్దీ స్వీట్లకూ అదే మాట.

నీచు తినని మూడు రోజులు. ఆ నియమం జోలికి నేను రాను. కానీ బి12 అనే విటమిను మొక్కల్లో ఉండదు, పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేపల్లోనే ఉంటుంది. పుణె తల్లుల్లో మూడింట రెండు వంతుల మందికి అది తక్కువే. బి12 తక్కువై, ఫోలిక్ యాసిడ్ ఎక్కువున్న తల్లుల బిడ్డలకు ఆరేళ్లకే ఇన్సులిన్ మొండితనం ఎక్కువ కనిపించింది. అట్లని ఫోలిక్ బిళ్ల మానేస్తావేమో, పొరబాటున కూడా ఆ పని చెయ్యకు! ఐరన్, ఫోలిక్ బిళ్ల రోజూ వేసుకో, ఆ మూడు రోజులూ పాలూ పెరుగూ రెండింతలు చేసుకో. ఈసారి వెళ్లినప్పుడు బి12 గురించి డాక్టర్ని అడుగు. ఐరన్ బిళ్ల కాఫీతో, టీతో వద్దు, కాల్షియం బిళ్లతో కలిపీ వద్దు. పూట మార్చి వేసుకో.

అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లూ, పాలూ నిజంగా నీ కడుపులోకే పోతున్నాయా? చాలా ఇళ్లలో అవి ఇంటికొచ్చి మరిది టిఫిన్లోకీ, మామ కాఫీలోకీ పోతాయి. అడిగితే 'పిల్లోడు అడిగాడు, ఏం చేద్దాం' అంటారు. నీ గుడ్డు నువ్వు అక్కడే తినేసి రా. దీన్ని స్వార్థం అన్నవాళ్లను నా దగ్గరికి పంపు.

బరువు కూడా చూసుకోవాలి. మన ఆడవాళ్లకు తొమ్మిది నెలల్లో 10 నుంచి 12 కిలోలు పెరగడం మంచిదంటారు. పెళ్లినాటి బరువు మీద 22 వారాలకు మూడు కిలోలే పెరిగావంటే తక్కువ వైపే. అందుకే నిన్ను తగ్గించుకోమనే మాట నాకు నచ్చలేదు. జేజి భయంలో నిజం ఒకటుంది, షుగర్ అదుపులో లేకపోతే బిడ్డ అతిగా పెరగగలదు. తల్లి నుంచి వచ్చిన ఎక్కువ చక్కెరకు బిడ్డ క్లోమం తనే ఇన్సులిన్ చేసి, దాన్ని కొవ్వుగా దాస్తుంది. దానికి మందు షుగర్‌ని అదుపులో పెట్టడమే. పస్తుంటే బిడ్డ కండ తగ్గుతుంది, కాన్పు సులువు కాదు. ఆమె కాలంలో ఆపరేషన్ అంటే తిరుపతి దాకా బండి కట్టాలి, తిరిగొస్తారో లేదో తెలియదు. ఆ భయం ఆమెను ఇంకా వదల్లేదు, అంతే.

మీ అమ్మను మాత్రం తప్పు పట్టకు. నువ్వు అడగలేదు, కానీ ఉత్తరంలో రెండుచోట్ల ఆ వాసన తగిలింది. కరువు చూడని ఏడు మన జిల్లాల్లో ఎన్నొచ్చాయి? అందరూ తిన్నాక తనకు పెట్టారో, అందరికీ పెట్టాక తను తిన్నదో. ఇంకొక విచిత్రం చెప్పనా? నీ బిడ్డ ఏ అండం నుంచి మొదలైందో ఆ అండం, నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే నీలో తయారైంది. అంటే మీ అమ్మ ఆనాడు తిన్న ముద్ద నీకే కాదు, నీ బిడ్డకూ కాస్త చేరింది. ఇన్ని తరాల లెక్కను ఒక్క ఆడమనిషి నెత్తిన రుద్దే వీడియోలంటే నాకు ఒళ్లుమంట. మొగుడి పొట్టా, సిగరెట్టూ, ఇంట్లో ఎవరు ముందు తింటారన్నదీ ఆ లెక్కలో ఎందుకు రావు?

బిడ్డ పుట్టాక చేయాల్సింది ముందే మనసులో పెట్టుకో. పుట్టిన గంటలో చనుబాలు. తేనె, గ్లూకోజు నీళ్లు నాకించొద్దు. ఆరు నెలలు తల్లిపాలే. బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టిందని కంగారుపడి డబ్బాపాలు, నెయ్యి, బిస్కెట్లతో బొద్దుగా చేసేయాలనే తొందర వద్దు. ఆరు నెలలు నిండాక పప్పు కలిపిన మెత్తని అన్నం, గుడ్డు, ఆకుకూర, చెనక్కాయల పొడి, బాలామృతం. రెండేళ్ల దాకా చక్కెర, బెల్లం విడిగా కలపొద్దు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూడా బ్రిటన్‌లో చక్కెర రేషన్ 1953 సెప్టెంబరు దాకా నడిచింది. రేషన్ ఉండగా కడుపున పడి, తొలి రెండేళ్లూ తక్కువ చక్కెరతో పెరిగినవాళ్లకు షుగర్ జబ్బు ముప్పు, రేషన్ ఎత్తేశాక పెరిగినవాళ్లకంటే 35 శాతం దాకా తక్కువని 2024లో తేలింది. పక్కింటి బిడ్డ బుగ్గలు చూసి నీ బిడ్డను తూచే వాళ్లు వస్తారు, ఆ పోటీలోకి దిగకు. రెండేళ్లు దాటాక మాత్రం ఎత్తూ బరువూ రెండూ చూడాలి, ఎత్తు పెరగకుండా ఒళ్లొకటే పెరుగుతుంటే అడగాలి.

నీకూ ఒక పరీక్ష బాకీ ఉంటుంది. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు నీళ్లు తాగి చూపించుకో. కాన్పుతో ఇది పోయిందని అందరూ మర్చిపోతారు. గర్భంలో వచ్చినవాళ్లకు ముందు ముందు నిజంగా వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఏడాదికొకసారి చూసుకోవడం నీ లెక్క.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఒక నోటుబుక్కు తీసి పద్నాలుగు రోజులు తిన్నదీ, తిన్న టైమూ, రెండు గంటల తర్వాతి షుగరూ రాయి. మీటరు లేకపోతే పీహెచ్‌సీలో చూపించుకో. దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు, బిడ్డ పెరుగుదల స్కానింగ్ ఎప్పుడో అడుగు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, తల తిరిగి చెమటలు పట్టినా నోటుబుక్కు కోసం ఆగకు.

ఇంకొకటి. అనపకాయల కాలం వచ్చేసింది. జేజికి నీమీద ప్రేమ ఉంది, దానికి పనే దొరకడం లేదు. సాయంత్రం ఒక శేరు అనపగింజలు నానబెట్టి ఆమె ముందు పెట్టు, పితికిపప్పు పితకడంలో ఆ వయసువాళ్ల వేళ్లకున్న వాటం మనకు రాదు. పితికినంతా నీకే వడ్డించమను, సంగటి ముద్ద మాత్రం సగమే పెట్టమని చెప్పు.